నలభై ఒకటో లైను

సోమవారం పదకొండింటికి కమిటీ కూర్చునే లోపల ఆ ప్రోగ్రాం నడవకపోతే కంప్యూటర్ ముందు కుర్చీ వినయ్‌ది. మా గద్వాల చేనేత సంఘం మేనేజర్ శ్రీనాథ్ ఈ మాటను బుధవారం పొద్దున, నలుగురు నేతగాళ్లు నిలబడి ఉండగా, నా మొహం చూడకుండా చెప్పాడు. వినయ్ ఆయన బామ్మర్ది. కొల్లాపూర్ నుంచి వచ్చాడు. కంప్యూటర్ డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. నాకు ఉద్యోగం ఉంది, డిగ్రీ లేదు. శ్రీనాథ్ దృష్టిలో అది ఎవరో చేసిన పొరపాటు, ఆయన సరిచేయాలి.

నేను అట్టలు కొట్టేవాణ్ణి. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. గద్వాల చీర అంచు మీద మామిడిపిందె కనిపిస్తుంది కదా, అది మగ్గం మీదికి రాకముందు నా దగ్గర అట్టల రూపంలో ఉంటుంది. గడుల కాగితం మీద బొమ్మ గీసుకుని, ఒక్కొక్క గడీ చూస్తూ, ఎక్కడ పోగు పైకి లేవాలో అక్కడ అట్టకు బెజ్జం కొట్టాలి. ఒక పేకకు, అంటే అడ్డం వేసే ఒక పోగుకు, ఒక అట్ట. రెండు మూడు వందల అట్టలు వరసగా తాడుతో కుట్టి, మగ్గం పైనుండే జకార్డుకు తగిలిస్తే, బెజ్జం ఉన్నచోట కొక్కెం పోగును లేపుతుంది. నేతగాడు తొక్కుతూ ఉంటే పువ్వు దానంతటదే వస్తున్నట్టు కనిపిస్తుంది. దానంతటదే ఏదీ రాదు. నేసినవాడి పేరు అడిగి ఫోటో తీసుకుని పేపర్లో వేసినవాళ్లు ఉన్నారు. అట్ట కొట్టినవాడి పేరు ఎవరూ అడగలేదు.

ఒక్క సింధూజ అడిగింది. గోపాల్‌పేట రైతుల పిల్ల. వనపర్తిలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. రెండేళ్ల కింద తల్లితో చీర కొనడానికి వచ్చి, వెనక గదిలో సుత్తి చప్పుడు విని, తల్లిని చీరల దగ్గర వదిలేసి నా పీట ముందు కూర్చుంది. తర్వాత ఎనిమిది ఆదివారాలు బస్సెక్కి వచ్చింది. చదువుకున్నవాళ్లు నన్ను మామూలుగా అడిగేవి రెండే. ఎంతవరకు చదివావు, ఎందుకు మానేశావు. ఆరో తరగతి. ఎందుకు మానేశానో వాళ్లకు అనవసరం. ఈ పిల్ల ఆ రెండూ అడగలేదు. "అట్ట తప్పువోతే ఎట్ల తెలుస్తది కాకా?" అని అడిగింది. చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసుకుంది.

అట్లా తయారైందే ఈ ప్రోగ్రాం. నేను కాగితం మీద గీసిన బొమ్మను ఫోటో తీసి ఇస్తే, ఏ అట్టకు ఎక్కడ బెజ్జం పడాలో అది లెక్క కట్టి, సంఘానికి పోయిన నెల వచ్చిన కరెంటు మిషన్‌కు చెబుతుంది. మిషన్ అట్ట కొడుతుంది. ప్రోగ్రాం లేకపోతే ఆ మిషన్ ఒక ఇనప పెట్టె. దాని మీద ఇప్పుడు శ్రీనాథ్ టిఫిన్ డబ్బా పెట్టుకుంటున్నాడు. కంప్యూటర్‌లో లైనక్స్ వేయించింది కూడా సింధూజే. "దీనికి తాళం ఉండదు కాకా, ఒకరిని అడుక్కునే పని లేదు" అంది. ఆ మాట నాకు నచ్చింది.

బుధవారం మధ్యాహ్నం ఆమె పంపిన ఫైల్ వచ్చింది. ఒకటే ఫైల్. ఫోన్ చెవికి పెట్టుకుని ఆమె చెప్పినట్టు చేశాను.

"దీన్ని ఇన్‌స్టాలర్ అంటరు కాకా. దీన్ని నడిపిస్తే ప్రోగ్రాం కంప్యూటర్‌ల కూసుంటది. ముందుగాల తెరిచి చూడు. కొక్కేలు అనే మాట పక్కన నూట ఇరువై అని ఉంటది. మీ జకార్డుకు ఎన్ని?"

"రెండు నూర్ల నలభై."

"గది మార్చి సేవ్ చెయ్. ఇంక దేన్నీ ముట్టకు."

"ముట్టను గని, కొన్ని లైన్ల ముందర నిలువు రెండు గీతలు, అడ్డం రెండు గీతలు ఉన్నయి. గదేం గుర్తు బిడ్డా?"

"గది ఉన్న లైను కంప్యూటర్ చదువదు కాకా. మనుషుల కోసం రాసుకునేది."

కొత్త పని కాబట్టి పైన శ్రీ రాసుకుని, నూట ఇరవై తీసి రెండు వందల నలభై పెట్టి, సేవ్ చేశాను. రెండుసార్లు నొక్కితే నడుస్తుందన్నది. నొక్కాను. ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కాను. తెర నా వైపు చూస్తోంది, నేను తెర వైపు చూస్తున్నాను. వెనక నుంచి శ్రీనాథ్ అన్నాడు:

"ఏం భీమన్నా, సుత్తి తెమ్మంటవా?"

మరునాడు పొద్దున్నే సింధూజకు ఫోన్ చేశాను. లైనక్స్‌లో బయటి నుంచి వచ్చిన ఫైల్‌కు నడిచే హక్కు మనమే ఇవ్వాలట. ఎవరు పంపితే వాళ్ల మాట విని నడిచేది కాదట. మంచిదే. నల్ల తెర ఒకటి తెరవమని చెప్పి, ఒక్కో అక్షరం పలికింది. నేను ఒక్కో వేలితో కొట్టాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు వస్తాయి, మాటలే తొందరగా రావు. ఈసారి ఏదో కదిలింది. తెల్లటి లైన్లు రెండు మూడు వచ్చి ఆగిపోయాయి. కూడబలుక్కుని చదివాను. ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్.

"అంటే ఏంది సారూ?" శ్రీనాథ్‌ను అడిగాను.

"లోపలికొచ్చింది చెల్లదు అని." కుర్చీలో వెనక్కి వాలాడు. "నిన్నే అంటున్నట్టుంది."

నేతగాళ్లు నవ్వారు. రేణుకమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె మగ్గం మీద పడుగు ఎక్కించి వారమైంది. కొత్త అంచు అట్టలు మిషన్ మీద వస్తాయని చెప్పి పాతవి దించేశారు. "నవ్వుతరేంది? నా మగ్గం ఉత్తగ ఉంది. మిషన్ కొట్టకుంటె చేతితోనే కొట్టియ్ భీమన్నా" అంది. కొట్టివ్వగలను. వారం రోజుల పని. కాని చేతితో కొట్టిన రోజున నేను మిషన్ పనికి పనికిరానని నాకు నేనే సంతకం పెట్టినట్టు.

సింధూజ అదే ఫైల్‌ను తన దగ్గర, ఇలాంటి లైనక్స్ మీదే నడిపి చూసింది. నడిచింది. దారిలో చెడిపోయిందేమోనని మళ్లీ పంపింది. మళ్లీ తెరిచి, పైన రాసుకుని, అంకె మార్చి, హక్కు ఇచ్చి నడిపాను. చెల్లదు. సాయంత్రం మూడోసారి పంపింది. చెల్లదు.

శుక్రవారం నాగర్‌కర్నూల్ నుంచి శ్రవణ్ కుమార్ వచ్చాడు. కంప్యూటర్ అమ్మిన దుకాణం మెకానిక్. మెడలో పెన్‌డ్రైవ్, చేతిలో స్క్రూడ్రైవర్. వచ్చీ రాగానే నన్ను లేవమని సైగ చేశాడు. నేను లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాను. వినయ్ కూడా వచ్చి అతని భుజం మీద నుంచి చూస్తున్నాడు.

శ్రవణ్ కుమార్ పనిమంతుడు కాదని అనను. డిస్కులో జాగా చూశాడు. ఉంది. కంప్యూటర్ పాత రకమా కొత్త రకమా, ఫైల్ ఏ రకానిది అని చూశాడు. రెండూ ఒకటే. తారీఖు సరిగ్గా ఉందా అని చూశాడు. ఉన్న చోటు నుంచి నడిపితే లైనక్స్ ఒప్పుకోకపోవచ్చని నేను మార్చి పెట్టిన ఫైల్‌ను ఇంకో చోటికి తీసుకుని నడిపాడు. ఆఖరికి ఫైల్ తెరిచి పై నుంచి కింది దాకా గబగబా తిప్పాడు.

"ఫైల్ బరాబర్ ఉంది. అంత మంచిగనే ఉంది" అన్నాడు. "సార్, ఈ లైనక్స్ లొల్లి ఏంటికి మీకు? తీసి పారేద్దాం. విండోస్ ఎక్కిస్త, గంట పని."

"మరి ప్రోగ్రాం?" అన్నాను.

"గా మేడమ్‌ను మల్ల రాయమను."

"రెండేండ్లు రాసింది."

"ఇంకో రెండేండ్లు రాస్తది. నీకేం తొందర పెద్దమనిషీ?"

నా వయసు నలభై తొమ్మిది. శ్రీనాథ్ వైపు చూశాను. ఆయన క్యాలెండర్ వైపు చూస్తున్నాడు. "సోమవారం కానీ, కమిటీల చూద్దాం" అన్నాడు. వినయ్ పోతూ పోతూ కుర్చీ మీద చెయ్యి వేసి దాని ఎత్తు చూసుకున్నాడు. అది నేను చూశాను.

శనివారం మధ్యాహ్నం ఆఫీసులో ఎవరూ లేరు. శ్రీనాథ్ వనపర్తిలో పెళ్లికి పోయాడు. నేను కుర్చీలో కూర్చుని ఫైల్ తెరిచాను.

కొత్త బొమ్మ తప్పు వస్తోందని నేతగాడు పిలిస్తే నేను మగ్గాన్ని ముట్టను. పోగులను ముట్టను. అట్టల దండను కిందికి దించి, ఒకటో అట్ట నుంచి వేలు పెట్టి చూస్తాను. ఎంత తెలిసిన దండ అయినా మొదటి నుంచే. నడిమధ్యలో వెతికేవాడికి తప్పు దొరకదు. ఈ ఫైల్‌ను నలుగురం చూశాం. గబగబా చూశాం. సింధూజ కూడా నేను పంపిన ఫోటోలో చూసి బాగుందన్నది. ఒక్కరం కూడా వేలు పెట్టి చూడలేదు.

పైనున్నవి మాటలు. కిందికి పోతే అర్థం లేని అక్షరాలు, గోడ కట్టినట్టు వందల కొద్దీ లైన్లు. మాటలు నాకు అర్థం కావు కాబట్టి అంకెలను చూస్తూ పోయాను. ఒక చోట రెండు వందల నలభై, అది నేను పెట్టింది. ఇంకొంచెం కింద ఇంకొక అంకె. నలభై ఒకటి. దాని ముందు ప్లస్ గుర్తు. అది నాకు తెలియదు. సింధూజకు ఫోన్ చేశాను.

"కాకా, పరీక్షల డ్యూటీల ఉన్న, జల్దీ చెప్పు."

"నలభై ఒకటి అని ఉంది. గదేంది?"

"గదా? పైన నలభై లైన్లు నేను రాసిన మాటలు. నలభై ఒకటో లైను కెంచి కిందిదంత మూట. ప్రోగ్రాంను మూట గట్టి అందుల పెట్టిన. నలభై ఒకటి కెంచి మూట విప్పు అని కంప్యూటర్‌కు చెప్పుడన్నట్టు. సరేనా? ఉంటా కాకా."

మాటలు నలభై. నలభై ఒకటి నుంచి మూట. ఇది నాకు అట్టల భాష. తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఖాళీ లైన్లు కూడా లెక్కలోకి వస్తాయి, ఖాళీ అట్ట కూడా అట్టే. నలభై దగ్గరికి వచ్చేసరికి గోడ మొదలు కావాలి. కాలేదు. నలభై ఒకటో లైనులో ఇంకా మాటే ఉంది. గోడ నలభై రెండులో మొదలైంది. వేలు జారిందేమోనని పెన్సిల్ తెచ్చి కాగితం మీద గీతలు పెడుతూ మళ్లీ లెక్కపెట్టాను. నలభై రెండే.

ఒకటి ఎక్కువ ఉంది. దండకు ముందర ఒక అట్ట ఎక్కువ కుట్టి ఉంది. ముందర ఒకటి ఎక్కువైతే వెనకున్న ప్రతిదీ ఒక అడుగు ఆలస్యంగా వస్తుంది, పిందె రావాల్సిన చోట దాని తోక వస్తుంది. కంప్యూటర్ పాపం చెప్పినట్టే నలభై ఒకటో లైను తెరిచింది. మూట ఉండాల్సిన చోట మాట ఉంది. చెల్లదు అన్నది.

ఎక్కువైన అట్ట ఏది? మొదటి నుంచి వేలు పెట్టాను. వేలు మొదటి లైను మీదే ఆగిపోయింది.

శ్రీ.

దాని ముందు ఆ గీతల గుర్తు కూడా ఉంది. మనుషుల కోసం రాసుకునేది అన్నది కదా అని నేనే, తెలివిగా, పెట్టాను. గడుల కాగితం మీద పైన రాస్తాను. ఒకటో అట్ట మీద పెన్సిల్‌తో రాస్తాను. మా నాయన రాసేవాడు. మా సంఘం పెద్ద కురుమూర్తన్న సరుకుల చీటీ మీద కూడా రాస్తాడు. కాని కాగితానికి పైన కొంత జాగా ఉంటుంది, అట్టకు పక్కన అంచు ఉంటుంది. అక్కడ రాస్తే వరస కదలదు. ఈ ఫైల్‌కు పైనా లేదు, పక్కా లేదు. మొదటి లైనే దాని నెత్తి. నేను శ్రీ రాసి ఎంటర్ నొక్కాను, అన్నీ ఒక్కొక్క మెట్టు కిందికి దిగాయి. మూడుసార్లు కొత్త ఫైల్ వచ్చింది. మూడుసార్లు రాశాను. దేన్నీ ముట్టకు అని ఆ పిల్ల చెప్పినా రాశాను, ఎందుకంటే శ్రీ రాయడం ముట్టడమని నాకు తట్టలేదు. చూసినవాళ్లకూ తట్టలేదు. మా దిక్కు కాగితం మీద శ్రీ ఉంటే ఎవరి కన్నూ దాని మీద ఆగదు.

లైను తీసేశాను. ఖాళీ కూడా మిగలకుండా. సేవ్ చేసి, నల్ల తెరలో నడిపాను. లైన్లు జలజలా పరుగెత్తి, ఐపోయిందని చెప్పి నిలబడ్డాయి. ప్రోగ్రాం తెరుచుకుంది. రేణుకమ్మ అంచు బొమ్మను ఇచ్చాను. నేను గీసిన మామిడిపిందె, దాని తోక వంపుతో సహా, గడులు గడులుగా తెర మీదికి వచ్చింది. గదిలో ఎవరూ లేరు. అయినా లేచి నిలబడ్డాను.

వెంటనే సింధూజకు ఫోన్ చేయాల్సింది. చేయలేదు.

నడిచింది, ఎట్లా నడిచిందో తెలియదు అంటే సరిపోతుంది. ప్రయత్నం చేయగా చేయగా నడిచిందంటే ఇంకా మంచిది. మెకానిక్‌కు లొంగనిది భీమన్నకు లొంగిందని గద్వాల అంతా అనుకుంటుంది. శ్రీ సంగతి చెప్పానంటే శ్రీనాథ్‌కు ఏడాది పాటు పండుగ. ఆరో తరగతివాడు కంప్యూటర్‌కు బొట్టు పెట్టి చంపాడని చెప్పుకుంటాడు. కుర్చీ పోయినా పోతుంది. ముప్పై ఒక్క ఏళ్లు నడుము వంచి అట్టలు కొట్టాను, ఇప్పుడు కుర్చీ దొరికే వేళకు నా అలవాటు నన్నే తన్నింది.

ఆదివారం సింధూజే ఫోన్ చేసింది.

"కాకా, మా పిల్లలను ఐదుగురిని కూసోవెట్టి చూసిన. దొర్కలే. నా దిక్కెల్లనే ఏదో తప్పుంది. రేపు కమిటీకి నేనే చెప్త, ప్రోగ్రాం ఇంక తయారు కాలే అని. నీ మీదికి రానియ్య. నువ్వేం పరేషాన్ గాకు."

"సరే బిడ్డా" అన్నాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నా మీద నాకే రోత పుట్టింది. నా అట్ట తప్పుకు నేతగాడు తిట్లు తిన్నరోజు లేదు. ఒకసారి అంచు చెడి వచ్చిన చీరను కురుమూర్తన్న నేసినవాడి మొహాన కొట్టబోతే, అడ్డం పోయి, నూట పన్నెండో అట్ట నాది, నేను తప్పు కొట్టాను అని చెప్పినవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఈ వయసులో ఒక ఆడపిల్ల వెనక దాక్కుంటానా?

సోమవారం పదకొండు గంటలకు కమిటీ కూర్చుంది. మా అధ్యక్షుడు కురుమూర్తన్న, డెబ్బై దాటినవాడు, ఇంకా మగ్గం దిగలేదు. ఇద్దరు సభ్యులు. మినిట్స్ పుస్తకంతో శ్రీనాథ్. ఇస్త్రీ చొక్కాతో వినయ్. గుమ్మం దగ్గర రేణుకమ్మ, పిలవకుండా వచ్చింది. సింధూజ ఫోన్‌లో ఉంది, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచారు.

"నమస్తే పెద్దనాయినా" అంది సింధూజ. "ప్రోగ్రాం నడువకపోవుడు భీమన్న కాక తప్పు కాదు. నేను రాసినదాంట్ల—"

"ఆగు బిడ్డా" అన్నాను. "నీ దాంట్ల ఏం తప్పు లేదు. శనివారమే నడిచింది."

శ్రీనాథ్ పెన్ను ఆగింది. "నడిచిందా? మరి చెప్పలేదేంది?"

"చెప్పెటందుకే వచ్చిన. తప్పు నాది. ఫైల్ మొదటి లైన్ల శ్రీ రాసిన. మూడుసార్లు పంపితె మూడుసార్లు రాసిన. గందుకు లెక్క ఒక లైను తప్పింది. తీసేసిన, నడిచింది."

ఫోన్‌లోంచి ముందు చిన్న చప్పుడు, తర్వాత సింధూజ నవ్వు.

"అయ్యో కాకా! ఫోటోల చూసిన నేను! శ్రీ కండ్ల ముందర ఉంది. మా నాయిన ఎరువుల చీటీ మీద గూడ రాస్తడు, నాకు ఆనలేదు చూడు! ఎట్ల పట్టినవ్?"

"లెక్కవెట్టిన. నలభై ఒకటి అన్నవ్, నలభై రెండు వచ్చింది."

"ఏం వెట్టి లెక్కవెట్టినవ్?"

"వేలు వెట్టి."

సభ్యులిద్దరూ నవ్వారు. శ్రీనాథ్ నవ్వలేదు, ఆయనకు కావాల్సింది దొరికింది.

"అంటే నాలుగు దినాలు సంఘం పని ఆపింది నువ్వే. ఆ అమ్మ దేన్నీ ముట్టకు అని చెప్పినంక గూడ. మెకానిక్‌ను బస్సు ఎక్కిచ్చి పిలిపిచ్చినం." కురుమూర్తన్న వైపు చూశాడు. " అన్నా, కంప్యూటర్ అంటె సదువుకున్నోళ్ల పని అని నేను ముందుగాలనే అన్న."

"ఆపింది నేనే" అన్నాను. "కాదంటలేను. నడిపిచ్చింది గూడ నేనే."

కురుమూర్తన్న వినయ్ వైపు తిరిగాడు. "ఏం రా, శుక్రవారం నువ్వు గూడ చూసినవ్ గద ఆ ఫైలు?"

వినయ్ బావ వైపు ఒకసారి చూశాడు. "చూసిన తాతా. శ్రీ ఉన్నది గూడ చూసిన."

"చూసి?"

"శ్రీయే గద అనుకున్న." మెడ వెనక గోక్కున్నాడు. "ఇంక పది రోజులు చూసినా గట్లనే అనుకుందును."

శ్రీనాథ్ బామ్మర్దిని చూసిన చూపు నేను ఇక్కడ రాయలేను. తేరుకుని అన్నాడు: "సరే, ఇప్పటి నుంచి రూల్ పెడదాం. కంప్యూటర్‌ల ఎవ్వరు శ్రీ రాయొద్దు."

కురుమూర్తన్న బల్ల మీద చెయ్యి వేశాడు. "ఏంది? శ్రీ రాయకుంట పని మొదలువెడ్తరా? నా సంఘంల?"

"అన్నా, అది మిషన్—"

"మిషన్ ఐతె ఏంది? మగ్గం గూడ మిషనే. దానికి మొక్కకుంట ఎక్కుతున్ననా నేను?"

"గా శ్రీ తోటే గద పని ఆగింది!"

"శ్రీ తోటి ఆగలే. జాగా లేక ఆగింది. జాగా సూపియ్యాలె."

గుమ్మం దగ్గర నుంచి రేణుకమ్మ అంది: "శ్రీ ఉంటదో పోతదో మీరు మీరు చూసుకోండ్రి. నా అట్టలు ఎప్పుడిస్తరో జర గది చెప్పుండ్రి."

"పెద్దనాయినా, జర ఇనుండ్రి" అని ఫోన్ అరిచింది. అందరూ ఆగారు. "మొదటి లైను కంప్యూటర్‌ది. ఈ ఫైల్ ఎవలు చదవాలె అనే సంగతి అక్కడ ఉంటది, దాన్ని జరుపొద్దు. దాని కింద కొత్త లైను ఒకటి పెడ్త. అండ్ల నేనే శ్రీ రాసి పంపుత. కింద నలభై ఒకటిని నలభై రెండు చేస్త. ఇగ ఎవ్వరు రాసే పని లేదు, ముందుగాలనే ఉంటది. సరేనా?"

కురుమూర్తన్న నా వైపు చూశాడు. "ఏం భీమన్నా, సరిపోతదా?"

కమిటీలో నన్ను ఒక సంగతి అడగడం అదే మొదటిసారి. కొంచెం ఆలోచించినట్టు ఉండి చెప్పాను.

"సరిపోతది. ఒక అట్ట పెరిగింది, లెక్క గూడ ఒకటి పెరిగింది. దండ బరాబర్ వస్తది."

"అయితే గట్లనే కానీయుండ్రి."

శ్రీనాథ్ పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. "మినిట్స్‌ల ఏమని రాయాలె? తప్పు ఎవలదని రాయాలె?"

"నా పేరే రాయి సారూ" అన్నాను. "ఇన్‌స్టాలర్ నడువకుండ చేసినోడు భీమన్న. దాని కింద, తప్పు పట్టినోడు ఎవలో గది గూడ రాయి. పేరు రెండుసార్లు రాయాల్సొస్తది, జర ఓపిక చేస్కో."

"రాయి రాయి" అన్నాడు కురుమూర్తన్న. "నేను సంతకం పెడ్త."

ఆయన రాశాడు. రెండుసార్లూ రాశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ పుస్తకంలో నా పేరు పడటం అప్పుడే. తలకట్టులతో సహా సరిగ్గా ఉందో లేదో వంగి చూశాను.

తర్వాత అందరూ వెనక గదిలోకి వచ్చారు. శ్రీనాథ్ తన టిఫిన్ డబ్బాను మిషన్ మీద నుంచి తానే తీసుకున్నాడు. నేను కుర్చీలో కూర్చుని రేణుకమ్మ అంచు బొమ్మను తెరిచి, మిషన్‌కు అట్ట పెట్టి నొక్కాను. టకటకమని పది లెక్కపెట్టే లోపల మొదటి అట్ట బయటికి వచ్చింది. నేను కొడితే దానికి పావుగంట. బాధ కలగలేదని చెప్పను. దాన్ని వెలుగుకు పట్టి చూశాను. ఏడో వరసలో బెజ్జాలు నేను కొట్టేచోటే పడ్డాయి. నా పావుగంటలన్నీ ఆ పిల్ల నోటుబుక్కు మీదుగా ఈ మిషన్‌లోకి పోయి కూర్చున్నాయి.

"మంచిగుందా?" అన్నాడు కురుమూర్తన్న.

"నా చెయ్యే" అన్నాను.

రేణుకమ్మ అట్ట తీసుకుని తిప్పి చూసి, "సాయంత్రం వరకు అన్ని ఇయ్యి" అని వెళ్లిపోయింది. ఒక్కొక్కరే కదిలారు. వినయ్ మాత్రం తలుపు దగ్గర నిలబడ్డాడు. బ్యాగు భుజానికే ఉంది. బావ పిలిచినా పోలేదు.

"కాకా, నేను కొల్లాపూర్ పోవాల్నా, ఉండాల్నా?"

"ఉండి ఏం చేస్తవ్?"

"ఏమో. గా లెక్కవెట్టుడు నేర్పిస్తవా?"

"నీకు డిగ్రీ ఉంది గద."

"ఉంది." సిగ్గుపడ్డాడు. "అండ్ల లేదు గది."

ఆ మాట శ్రీనాథ్‌కు వినిపించేంత దగ్గరలోనే అన్నాడు. అది నాకు నచ్చింది. అట్టలు కుట్టే తాడు, సూది అతని చేతిలో పెట్టాను.

"ముందు ఇయ్యి వరసగ కుట్టు. ఒక్కటి ఎక్కువ కావొద్దు, ఒక్కటి తక్కువ కావొద్దు. కూసునేటందుకు బయట అరుగు మీద స్టూలు ఉంది, తెచ్చుకో. ఈ కుర్చీ నాది."

అతను స్టూలు కోసం పోయాడు. నేను మిషన్‌కు రెండో అట్ట పెట్టాను.